మక్క ముందా, మొక్క ముందా

వ్యవసాయం పేజీకి వచ్చే వ్యాసాలు దిద్దడం నా పనిగా ఉన్న రోజుల్లో ఒక వాక్యం వారానికోసారైనా నన్ను సతాయించేది. ‘మొక్కజొన్న మొక్కకూ మొక్కకూ మధ్య 20 సెంటీమీటర్లు ఉండాలి.’ ఒక్క వాక్యంలో మూడు మొక్కలు. దిద్దేవాడికి చెయ్యి ఊరుకోదు కదా, ఒకటి పీకేద్దామని చూసేవాణ్ణి. మూడోది పీకితే వాక్యం కుంటేది. రెండోది పీకితే కూలబడేది. మొదటిది పీకితే వాక్యం బాగానే నిలబడేది కానీ పంట మారిపోయేది, జొన్న అయిపోయేది.

అలా పీకి చూస్తున్నప్పుడే అనుమానం మొదలైంది. వంగ మొక్క అంటాం, మిరప మొక్క అంటాం. పైరు పేరు ముందు, మొక్క వెనక. మొక్కజొన్నలో మాత్రం మొక్క ముందుకొచ్చి కూర్చుంది. పోనీ, జొన్న మొక్క కాదా? మనిషిని మించి ఎదిగే జొన్నను వదిలేసి దీన్నొక్కదాన్నే మొక్క అని పిలవాల్సిన అగత్యం ఎవరికొచ్చింది?

జగిత్యాల నుంచి వార్తలు పంపే కుర్రవాడు ఒకడుండేవాడు. అతను ఎప్పుడూ మక్క అనే రాసేవాడు. మక్క చేను, మక్క కంకులు, మక్కల ధర. నేను ఎప్పుడూ దాన్ని మొక్కజొన్న అని మార్చేవాణ్ణి. మాది తెనాలి వైపు. మక్క అంటే యాస, మొక్కజొన్న అంటే భాష అని నాకు ఎవరూ చెప్పలేదు. గాలిలోనే ఉండేది ఆ నమ్మకం. ఒకరోజు అతనే ఫోన్ చేశాడు. ‘సార్, మీరు దిద్దుతున్నరు, మంచిదే. గని మా ఊళ్లె పేపర్ చదివినోళ్లు మక్క మొఖం సూడనోని లెక్క రాసినవని నన్ను నవ్వుతున్నరు’ అన్నాడు. నవ్వేసి పెట్టేశాను. కానీ ఆ రాత్రి నిఘంటువులు ముందేసుకున్నాను.

తెలుగులో మొక్క ఒకటి కాదు. చెట్టుకు ముందు దశ ఒక మొక్క. మొద్దుబారడం ఇంకో మొక్క: కత్తి మొక్కపోయిందంటే పదును పోయిందని. మనం సభల్లో ధారాళంగా వాడే ‘మొక్కవోని దీక్ష’లో ఉన్నది ఈ రెండోదే. వాడిపోని మొక్క లాంటి దీక్ష అనుకుని నేను చాలాకాలం మురిసిపోయాను. దేవుడి మొక్కు సంగతి వేరు. వీటిలో ఏదీ జొన్న పక్కన కుదురుగా కూర్చునే రకం కాదు.

సమాధానం ఇరుగుపొరుగు ఇళ్లలో దొరికింది. తమిళులు మక్కాచోళం అంటారు. మరాఠీవాళ్లు మకా అంటారు. హిందీలో మక్కా, మకై. కన్నడంలో మెక్కెజోళ. తమిళ చోళం, కన్నడ జోళ, మన జొన్న తోబుట్టువులని బరో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ నిఘంటువు ఒకచోట పెట్టి చూపిస్తుంది. అంటే పదంలో రెండో సగానికి తగువు లేదు. మొదటి సగానికే. చుట్టూ అందరికీ మక్కా, మకా, మెక్కె, తెలంగాణలో మక్క, మనకొక్కళ్లకే మొక్క. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అన్నట్టు. ఆ ఉలిపికట్టె నేను రోజూ ఎర్ర సిరాతో నిలబెడుతున్న రూపమే.

జరిగింది ఇదీ అని నా లెక్క. మక్క అనే మాట తెలుగు చెవికి పడింది. దానికి తెలుగులో అర్థం లేదు. అర్థం లేని మాట నోట్లో ఎక్కువకాలం నానదు. దగ్గరలో తెలిసిన మాట ఏదుంటే దాన్ని తొడుక్కుంటుంది. హాస్పిటల్ వచ్చి ఆసుపత్రి అయినప్పుడు పూజకు కోసే పత్రి వచ్చి చివర అతుక్కుంది చూడండి, అలాంటిదే. పెదవులతో పలికే మకారం పక్కన అకారం కొంచెం గుండ్రబడితే మక్క మొక్క అవుతుంది. పొలంలో నిలబడి ఉన్నది మొక్కే కాబట్టి ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు. అలా ఊరి పేరేదో చెట్టు పేరుగా మారిపోయింది. జగిత్యాల కుర్రవాడి మాట మూలానికి దగ్గరగా ఉంది. నేను దిద్దినదే, పాపం, యాస.

ఊరి పేరేదో అన్నాను. ఆ ఊరు మక్కా నగరమేనని చాలా భాషల్లో చెప్పుకుంటారు. అది అక్కడ పండిందని కాదు. సముద్రం మీద పడమటి నుంచి వచ్చిన సరుకు ఏ దారిన వచ్చిందో ఆ దారిలో అందరికీ తెలిసిన పేరు దానికి అంటుకుంటుంది. మనం చేసిందీ అదే: బెంగాల్లో పుట్టని దుంప బంగాళాదుంప అయింది. మెక్సికో చింత సీమచింత అయింది.

ఈ గింజకు ప్రపంచమంతటా పక్కింటి వాడి పేరే. తుర్కీలో దీన్ని మిసిర్ అంటారు, అంటే ఈజిప్టు. ఇటలీలో గ్రానోతుర్కో, తురకల గింజ. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ మాట్లాడేవాళ్లు మహిందీ అంటారు, హిందూదేశానిది అని. ఇంగ్లీషువాళ్లు ఇండియన్ కార్న్ అన్నారు, వాళ్లు ఇండియన్లనుకున్నది మాత్రం మనల్ని కాదు. ఈజిప్టులో దీని పేరు నాకు అన్నిటికంటే ముద్దొస్తుంది: దురా షామీ. దురా అంటే జొన్న, షామ్ అంటే సిరియా వైపు దేశం. సిరియా జొన్న! మక్కజొన్నకు అచ్చంగా కవల. నైలు ఒడ్డు రైతూ, మానేరు ఒడ్డు రైతూ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే పని చేశారు. కొత్త గింజను చేతిలోకి తీసుకుని, ఇది మన జొన్నలాంటిదే గానీ పై ఊరిది అన్నారు.

అసలు పేరు ఉన్నవాళ్లు వేరే ఉన్నారు. 1492 నవంబరులో కొలంబస్ మనుషులు క్యూబాలో ఈ పంటను చూశారు. ఆ దీవుల్లోని తాయినో ప్రజలు దాన్ని మాహిస్ లాంటి మాటతో పిలిచేవారు. స్పెయిన్ వాళ్ల నోట మాయీస్ అయి, ఇంగ్లీషులో మెయిజ్ అయి, 1753లో లినేయస్ పెట్టిన శాస్త్రీయనామం జియా మేస్‌లో తోకగా మిగిలింది. తాయినో భాష మాట్లాడేవాళ్లు తర్వాత మిగల్లేదు. హరికేన్, కెనూ, మెయిజ్ లాంటి కొన్ని మాటలు మిగిలాయి. గాలివాన, పడవ, తిండి.

ఇంతకీ జొన్న మాత్రం మనదేనా? సంస్కృత నిఘంటువుల్లో జొన్నకు యావనాలం అనే పేరుంది. యవనులు అంటే మొదట్లో గ్రీకులు, తర్వాత పడమటి నుంచి వచ్చిన ఎవరైనా. ఆ మాటలో ఉన్నది యవనులు కాదు, యవలు అనేవాళ్లూ ఉన్నారు. నాకు మొదటి పక్షమే ఇష్టం, ఎందుకంటే వృక్షశాస్త్రం దానికి సాయం వస్తుంది. జొన్న పుట్టిల్లు ఆఫ్రికా, సూడాన్ వైపు. వేల ఏళ్ల నాడు సముద్రం దాటి మన నల్లరేగళ్లలో దిగి, మనకంటే మనదైపోయింది. పాత కన్నడంలో జోళవాళి అని ఒక గొప్ప మాట ఉంది. ఏలిన వాడు పెట్టిన జొన్న తిన్నందుకు తీర్చుకోవాల్సిన రుణం అని. మనం ఉప్పు తిన్న విశ్వాసం అనేదాన్ని వాళ్లు జొన్న తిన్న విశ్వాసం అన్నారు. ఆ కన్నడానికి ఆదికవి అయిన పంపడు కొలువు చేసింది వేములవాడ చాళుక్యుల దగ్గర. ఇప్పుడు వేములవాడ చుట్టుపక్కల ఊళ్లలో మక్క చేలు చూస్తుంటే ఆ మాట గుర్తొస్తుంది. పల్నాటి జొన్నకూడును ఎగతాళి చేస్తూ శ్రీనాథుడి పేరిట చాటువులు ఉన్నాయి కదా. ఆ మహానుభావుడు తిట్టడానికైనా మొక్కజొన్న ఎరగడు. ఆయన కాలానికి ఈ గింజ ఇంకా అట్లాంటిక్ దాటలేదు.

దాటింది అని వాదించినవాళ్లూ ఉన్నారు. కర్ణాటకలో సోమనాథపుర కేశవాలయం 13వ శతాబ్దపు హొయసల కట్టడం. అక్కడి కొన్ని శిల్పాల చేతుల్లో పొడుగ్గా, వరసలు వరసలుగా గింజలున్న పండొకటి కనిపిస్తుంది. అది మొక్కజొన్న పొత్తేనని, కొలంబస్ కంటే ముందే అమెరికా పంట మన దేశానికి చేరిందనడానికి అదే రుజువని 1989లో జొహానెసెన్, పార్కర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఎకనమిక్ బోటనీ పత్రికలో రాశారు. 1993లో అదే పత్రికలో మన మొక్కజొన్న శాస్త్రవేత్తలు పాయక్, సచాన్ జవాబిచ్చారు. అది ముక్తాఫలం, ముత్యాలు పొదిగిన ఊహా ఫలం, శిల్పి కల్పన అన్నారు. నేను రెండో పక్షం. రాతిలో చూస్తే గింజ కనబడవచ్చు. కానీ నిజంగా గింజే ఉంటే మాటలో కూడా మిగలాలి కదా. హొయసల రైతు ఇంట్లో ఉన్న పంటకు తన సొంత పేరు లేకుండా, తర్వాతెప్పుడో పరదేశి తల తగిలించుకున్న మెక్కెజోళ అనే పేరే ఎందుకుంటుంది? కన్నడంలో దీనికి ఇంకో పేరు ముసుకిన జోళ, ముసుగేసుకున్న జొన్న. ఉత్తర కర్ణాటకలో గోవిన జోళ. పైపైన చూస్తే అది గోవు జొన్న. పోర్చుగీసు వాళ్లు 1510లో గోవాలో దిగారన్నది గుర్తుంటే, ఆ గోవు వెనక గోవా నక్కి ఉందేమోనని నాకు అనుమానం.

ముసుకిన జోళ అన్నవాడెవడో గానీ చూపున్నవాడు. రైతుబజారు నుంచి తెచ్చిన పొత్తొకటి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పైన ఆకుపచ్చ డొప్పలు. ఒకటి లాగితే కింద ఇంకొకటి, కాస్త లేతగా. ఆరోదో ఏడోదో తీసేసరికి రంగు పోయి పాలచాయకు వస్తుంది. లోపలి డొప్ప బియ్యం కడిగిన నీళ్ల తడితో గింజలకు అతుక్కుని ఉంది, వేలుపెట్టి విడదీయాలి. దాని కింద పీచు. అంతా కొసన ఒకే కుచ్చులా ఉంది కానీ జాగ్రత్తగా పట్టి లాగితే ఒక్కో పోగు ఒక్కో గింజ దగ్గరకు పోతుంది. పొత్తు పైన మగపూత నుంచి రాలిన పుప్పొడి ఒక పోగు కొసన పడితే, అది ఆ పోగు పొడవునా లోపలికి దిగితేనే ఆ ఒక్క గింజా కడుతుంది. పుప్పొడి అందని పోగు దగ్గర బొక్క మిగులుతుంది. చివర పళ్లూడిన పొత్తును చూసి పురుగు పట్టిందనుకుంటాం గానీ, పూత వేళ ఎండ ముదిరినా, నీరు అందకపోయినా అంతే. వరసలు లెక్కపెట్టాను: పద్నాలుగు. మీరు లెక్కపెట్టినా పన్నెండో పద్నాలుగో పదహారో వస్తాయి, బేసి రాదు. పిందెలు జంటలుగా పుడతాయి కాబట్టి వరసలూ జంటలే.

మనవాళ్లు దీన్ని పిలిచే పేర్లలో ఎవరి చేతిలో ఏ పనుందో తెలుస్తుంది. కండె అంటారు కొన్నిచోట్ల. మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లకు కండె అంటే నాడెలో పెట్టే నూలు చుట్ట. నడిమి బెండు చుట్టూ గింజ బిగించి చుట్టినట్టుంటుంది కనుక ఆ పేరు నప్పింది. తెలంగాణలో, ఇంకా చాలాచోట్ల కంకి. వరికీ జొన్నకూ ఉన్న పాత మాటనే దీనికీ ఇచ్చారు. మా కృష్ణా, గుంటూరుల్లో పొత్తు. పొత్తు అనగానే ఎన్నికలు గుర్తొస్తున్నాయి ఈ మధ్య. నాకు మాత్రం పొత్తిళ్లు గుర్తొస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డను మెత్తటి గుడ్డల్లో చుట్టి, కొసన జుట్టు మాత్రం కనబడేలా అమ్మమ్మ చేతిలో పెట్టడం చూసినవాళ్లకు ఈ పోలిక వివరించక్కర్లేదు.

ఆ చుట్టడమే దీని కష్టం కూడా. డొప్పల్లో ఇంత గట్టిగా బందీ అయిన గింజ తనంతట తాను రాలదు. రాలని గింజ మొలవదు. పొత్తు మొత్తం నేల మీద పడితే వందల గింజలు ఒకేచోట మొలిచి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మనిషి ఒలిచి విత్తకపోతే ఇది ఈ భూమ్మీద మిగలదు. దక్షిణ మెక్సికోలో బల్సాస్ నది లోయలో దాదాపు 9,000 ఏళ్ల కిందట తెయోసింతే అనే గడ్డిని ఏరి ఏరి విత్తుతూ జనం దీన్ని చేశారు. ఆ గడ్డి కంకికి పది పన్నెండు గింజలే, రాయిలాంటి పెంకులో. తెయోసింతే అనే పేరు అక్కడి నాహువాత్ల్ భాషలోది. దేవుడి కంకి అని చెబుతారు. మనుషులు చేసిన పంట, దేవుడి పేరున్న గడ్డి.

పండించే తీరు గురించి పుస్తకాల్లో ఉన్నదంతా రాయను. ఖరీఫ్‌లో జూన్, జులైల్లో వేస్తారు, రబీలో అక్టోబరు నుంచి. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20, ఎకరానికి ఎనిమిది కిలోల విత్తనం, ఎకరంలో 33 వేల పైచిలుకు మొక్కలు. ఎరువు విత్తేటప్పుడు కొంత, మోకాలి ఎత్తున కొంత, పూతకొచ్చేటప్పుడు కొంత. పూత వేళ నీటి తడి తప్పితే పంట తప్పినట్టే, పైన చెప్పిన పీచు లెక్క అది. పొత్తు మీద డొప్పలు ఎండి, గింజ అడుగున నల్లచార పడితే కోతకొచ్చినట్టు.

డెల్టాలో జరిగింది మాత్రం చెప్పాలి, ఎందుకంటే అది నా కళ్ల ముందు జరిగింది. మా చిన్నప్పుడు వరి కోతకు ముందు చేలో మినుము చల్లేవాళ్లు. పనలు లేచేసరికి కింద మినుము మొలకలు. తర్వాత మినుముకు పల్లాకు తెగులు వచ్చింది, బంగారు తీగ వచ్చింది. బంగారు తీగ అని ఎంత ముద్దుగా పేరు పెట్టారో! పసుపుదారం లాంటి ఆ కలుపు మినుమును చుట్టేసి నెత్తురు తాగినట్టు తాగేస్తుంది. విసిగిన రైతు వరి కోయగానే దుక్కి దున్నకుండా, తాడు పట్టి, కర్రతో బొక్కలు పొడిచి మొక్కజొన్న గింజ వేశాడు. వరి మోళ్ల మధ్యనే మొలిచింది. దుక్కి లేని సేద్యం అని విశ్వవిద్యాలయం వాళ్లు దానికి పెద్ద పేరు పెట్టారు. మావాళ్లు ‘పొడిచేశాం’ అంటారు, అంతే. ఏం పొడిచావు అని ఎవరూ అడగరు.

2018లో కొత్త పురుగొచ్చింది. ఆ ఏడు మే నెలలో మన దేశంలో మొదటిసారి కర్ణాటకలో కనబడి, చూస్తుండగానే తెలంగాణకూ ఆంధ్రకూ పాకింది. తలమీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు. ఇంగ్లీషులో దీనిది సైన్యం పేరు. మన దగ్గర కత్తెర పురుగు అన్నారు. సైన్యం కంటే కత్తెరే సరైన మాట అంటాను. మొవ్వులో దూరి, ముడుచుకున్న ఆకును ఒకచోట కొరుకుతుంది. ఆకు విచ్చుకున్నాక కాగితం మడిచి కత్తిరించినట్టు ఒక వరసలో చిల్లులు. ఆ పోలిక తట్టినవాడికి దండం పెట్టాలి. దీని పుట్టిల్లు కూడా అమెరికా ఖండమే. పంట వచ్చిన అయిదు వందల ఏళ్లకు దాని పాత శత్రువు ఆఫ్రికా మీదుగా చిరునామా వెతుక్కుంటూ వచ్చింది. మందులు దొరకనిచోట రైతులు ఇసుకలో సున్నం కలిపి మొవ్వులో వేశారు.

సున్నం అనేసరికి మెక్సికో వాళ్ల వంటిల్లు గుర్తొస్తుంది. వాళ్లు ఈ గింజను ఉత్తనే వండరు. సున్నపునీటిలో ఉడకబెట్టి, నానబెట్టి, కడిగి, అప్పుడు రుబ్బుతారు. అలా చేసిన గింజను నిష్తమల్ అంటారు. ఆ మాట మొదట్లో ఉన్నది బూడిదకు వాళ్ల మాట. గింజను ఐరోపాకు తీసుకెళ్లినవాళ్లు సున్నం సంగతి పట్టించుకోలేదు. ఉత్తర ఇటలీలో పేదలు పూటపూటా మొక్కజొన్న జావే తిని చర్మం పగిలి, మతి చలించి చచ్చిపోయారు. ఆ జబ్బు పేరు పెల్లాగ్రా, ఇటాలియన్లో గరుకు చర్మం. గింజలో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా ఒంటికి పట్టకపోవడం దానికి కారణం. సున్నం పడితే అది విడుదలవుతుంది. ఇక్కడే నాకు ఒళ్లు జలదరించిన సంగతి. ఇలాంటి జబ్బే మన దక్కన్‌లో కనబడింది, మొక్కజొన్న తిన్నవాళ్లలో కాదు, జొన్న తిన్నవాళ్లలో. హైదరాబాద్‌లో పనిచేసిన సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో దీనిమీద రాశారు, రెండు గింజల్లోనూ ఎక్కువగా ఉండే లూసిన్ అనే పదార్థాన్ని అనుమానిస్తూ. జొన్న అని పిలిచిన పూర్వీకులు ఆకు చూసి, కాడ చూసి పిలిచారు. వాళ్లకు తెలియని చుట్టరికం లోపల ఇంకొకటి ఉందన్నమాట, ఏ పప్పూ కూరా లేక గింజ ఒక్కటే తిన్న పేదవాడి ఒంటిమీద బయటపడేది.

తెలంగాణలో మక్క గట్క అలాంటి పేదకాలపు తిండే. మక్కలు రవ్వగా విసిరి, ఎసట్లో పోసి, గరిటె నిలబడేదాకా ఉడికించి, పుల్ల మజ్జిగతోనో పప్పుచారుతోనో. ఇప్పుడు దాన్ని హోటళ్లలో ఇత్తడి గిన్నెలో పెట్టిస్తున్నారని విన్నాను. వానాకాలం లేత కంకులు ఒలిచి, అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బి చేసే మక్క గారెలు మాత్రం ఏ కాలంలోనూ పేదవి కావు. తొలి ఏకాదశికి పేలపిండి మావైపు జొన్న పేలాలతో, అటువైపు మక్క ప్యాలాలతో. పేలాలు! పేలు అనే క్రియ నుంచి పుట్టిన ఎంత చక్కటి మాట, వింటేనే మూకుడు మీద చప్పుడు. సినిమా హాల్లోకి వెళ్లాక అదే గింజ పాప్‌కార్న్ అయి, పేరుతోపాటు ధరా పేలుతుంది.

కార్న్ అనే ఇంగ్లీషు మాట కూడా మొదట్లో ఏ ధాన్యానికైనా చెల్లేది, అమెరికా వెళ్లాక దీనికొక్కదానికే అంకితమైంది. మన బజార్లో అది ఇంకా సన్నబడింది. కప్పులో పోసి ఇచ్చేది స్వీట్ కార్న్, చైనా కూరలో వేలంత ఉండేది బేబీ కార్న్, మంచూరియాకు పట్టించే తెల్లపొడి కార్న్ ఫ్లోర్. ఈ చివరిది నన్ను అభాసుపాలు చేసింది. మా కోడలిది కరీంనగర్. ఒక వానరోజు మక్కరొట్టె చేస్తానంది. పిండి తెస్తానని ఉత్సాహంగా వెళ్లి, పొట్లం మీద కార్న్ ఫ్లోర్ అని చదివి, రెండు పొట్లాలు తెచ్చాను. కార్న్ మొక్కజొన్న, ఫ్లోర్ పిండి, ఇందులో తర్జుమా తప్పేముంది? ఆమె వేళ్ల మధ్య నలిపి చూసి, ‘మామయ్యా, గిది గంజి. మీ చొక్కాలకు పెడతా’ అంది. పసుపుపచ్చటి గింజ మొత్తం విసిరితే వచ్చేది పిండి. లోపలి పిండిపదార్థం ఒక్కటే కడిగి తీసింది ఈ తెల్లపొడి. ముప్ఫై ఏళ్లు ఇతరుల తర్జుమాలు దిద్దినవాణ్ణి, చొక్కాలకు గంజి తెచ్చుకున్నాను.

నిజానికి ఇప్పుడు పండే మక్కల్లో ఎక్కువ భాగం మన కంచంలోకి నేరుగా రాదు. కోళ్ల దాణాకు పోతుంది, గంజి మిల్లులకు పోతుంది, ఈ మధ్య పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కు పోతుంది. చొప్ప పశువులకు, బెండ్లు పొయ్యిలోకి. దేశంలో వరి, గోధుమల తర్వాత మూడో స్థానం దీనిదే. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర మొక్కజొన్నకు క్వింటాలుకు 2,400 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699. పేరు అరువిచ్చిన జొన్న అరుదైపోయి ప్రియమైంది; అరువు తెచ్చుకున్నది చవగ్గా ఊళ్లూ మిల్లులూ నిండింది. ఈ ఇద్దరి మీదా పరిశోధించే జాతీయ సంస్థలు రెండున్నాయి, లూధియానాలో మొక్కజొన్నకు ఒకటి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జొన్నతో సహా చిరుధాన్యాలకు ఒకటి. తమాషా ఏమిటంటే రెండింటికీ ఇంగ్లీషు పొట్టిపేరు ఒకటే: ఐఐఎంఆర్. మెయిజ్, మిల్లెట్స్ రెండూ మకారంతోనే మొదలవుతాయి మరి. ఒకరికి రావాల్సిన ఉత్తరాలు ఇంకొకరికి చేరుతుంటాయో ఏమో.

రిటైరయ్యే నెలలో జగిత్యాల కుర్రవాడి వ్యాసం ఒకటి చేతికొచ్చింది. మక్క చేనులో కత్తెర పురుగు గురించి. మక్క అన్నచోటల్లా మక్క అనే ఉంచాను, ఒక్కచోటా చెయ్యి పెట్టలేదు. పక్క కుర్చీలోని ఆయన కళ్లద్దాల పైనుంచి ఒకసారి చూసి ఊరుకున్నాడు. ఆంధ్రా ఎడిషన్లకూ అదే వెళ్లింది. మక్క అంటే ఏమిటండీ అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని, చోళం దగ్గర మొదలుపెట్టి ఈజిప్టు దాకా చెప్పాలని సిద్ధమై కూర్చున్నాను.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. దుగ్గిరాల దగ్గర రైతు. గొంతు విని డెబ్బై దాటి ఉంటారనుకున్నాను.

‘ఏం బాబూ, పేపర్లో పడింది చదివా. పురుగు సంగతి బానే రాశాడు కుర్రాడు. మక్కంటే మొక్కజొన్నేగా, తెలుస్తూనే ఉంది. కానీ కంకి అని వేశారేంటి? కంకంటే వరికి, జొన్నకి. దీన్ని పొత్తనాలి. పంటకి ఆ మాత్రం పేరు సరిగ్గా పెట్టకపోతే ఎట్లా?’

‘రాసుకుంటానండి’ అన్నాను. పొత్తు అని కాగితం మీద రాసి, కిందే కంకి, కండె అని కూడా రాసి, ఎర్ర పెన్ను మూతపెట్టాను.